శుభ్రమైన చేయి

బోగ్నా పెళ్ళి ఉంగరం తీసి టీ సాసరులో పెట్టిన ప్రతిసారీ అత్తగారు గెర్త్రూద గబుక్కున సిలువ గుర్తు వేసుకుంటుంది. మొగుడు బతికుండగా వట్టి వేలితో గడప దాటే ఆడదాన్ని నిన్నే చూస్తున్నానే అంటుంది. మంచు కురిసిన ఏ రోజూ ఆవిడ ఈ మాట మరిచిపోలేదు. అనేసి, సణుగుతూనే తన పాత బూట్లు తొడుక్కుని కోడలి వెనకే బయల్దేరుతుంది. ఆ సణుగుడుకీ ఆ బయల్దేరడానికీ పొంతన ఏమిటో బోగ్నాకి ఇన్నేళ్ళయినా అంతుపట్టలేదు.

ఉంగరం తీయడానికి కారణం చెప్పడానికి ఆమె మొదట్లో చాలా ప్రయత్నించింది. పాదరసానికి బంగారమంటే ప్రాణం అత్తయ్యా, కనిపిస్తే చాలు వెళ్ళి అంటుకుంటుంది, మళ్ళీ ఎప్పుడు వదులుతుందో తెలీదు, నేను వెతికేది చెరువంత నీళ్ళలో చిటికెడు ఉప్పును వెతకడం లాంటిది, వేలికి బంగారం పెట్టుకుని ఆ సీసా ముట్టుకోకూడదు, అని. గెర్త్రూద అంతా విని, పాదరసానికి ఉన్నపాటి ప్రేమైనా నీకు ఆ బంగారం మీద లేదే అంది. ఆ తర్వాత బోగ్నా చెప్పడం మానేసింది.

పళ్ళ విషయంలోనూ అంతే. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో బోగ్నా రెండు దవడపళ్ళలో చిన్నప్పుడు పుచ్చుకి డాక్టరు పెట్టిన బూడిదరంగు పూడికలు తీయించేసి తెల్లవి పెట్టించుకుంది. ఆ పాత పూడికల్లో సగం పాదరసమే మరి. వాటితో సీసా మీద ఊపిరి వదిలితే ఊపిరీ లెక్కలోకి వస్తుంది. ఆ రోజు భోజనాల దగ్గర ఆమె మొగుడు వితెక్, ఎవరికి చూపించడానికి ఈ తెల్లపళ్ళు అన్నాడు. సముద్రానికి అయ్యుంటుందిలే అంది అత్తగారు. తల్లీకొడుకులు కలిసి నవ్విన అతి కొద్ది సందర్భాల్లో అది ఒకటి.

వితెక్ చెడ్డవాడని ఎవరూ అనరు. ఓడరేవులో క్రేన్ నడుపుతాడు, తాగి ఇంటికి రాడు, మంచి బొగ్గు ఎక్కడ దొరుకుతుందో వాకబు చేసి చలికాలానికి ముందే నేలమాళిగ నింపేస్తాడు. నింపడం వరకే అతని పని. దాన్ని రోజూ పైకి మోసేదీ, పొయ్యిలో బూడిద ఎత్తేదీ, అతను లేచేసరికి ఇల్లు వెచ్చగా ఉంచేదీ ఎవరన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎప్పుడూ పుట్టలేదు. ఒకప్పుడు గెర్త్రూద చేసేది, ఆవిడ నడుం వంగాక బోగ్నా చేస్తోంది, మంట రాజేయడం మాత్రం ఆవిడ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. స్నేహితులు వస్తే వితెక్ ఒకటే జోకు వేస్తాడు. "మా ఆవిడ డాక్టరేట్ చేసింది దేనికో తెలుసా? వాన పట్టడానికి. మా అమ్మ బకెట్టు పెట్టి పట్టేది, చదువు లేకుండానే." అందరూ నవ్వుతారు. బోగ్నా కూడా నవ్వుతూ వాళ్ళకి ఉప్పుచేపలు వడ్డిస్తుంది. వడ్డిస్తూ, నవ్వుతున్న తన మొహాన్ని తనే దూరం నుంచి చూసుకుంటున్నట్టు ఉంటుంది. ఈ మొహం ఎవరిది, దీనికి నవ్వు ఎందుకొస్తోంది, అనుకుంటుంది. చేపలు అయిపోతే లేచి ఇంకో గిన్నె తెస్తుంది.

ఆ వానలు పట్టే పని ఊరి ఒడ్డున పుత్స్క్ అఖాతంలోకి పొడుచుకెళ్ళిన చెక్క వంతెన చివర జరుగుతుంది. అక్కడ ఒక స్తంభం మీద గరాటు, దాని కింద సీసా. వానతోనూ మంచుతోనూ గాలిలోంచి ఎంత పాదరసం సముద్రంలోకి దిగుతోందో ఆ సీసా చెబుతుంది. సీసా మార్చడానికి ఇద్దరు మనుషులు కావాలి. సీసాని రెండు సంచుల్లో పెట్టి తెస్తారు. బయటి సంచీ విప్పేవాళ్ళని మురికి చేయి అంటారు. లోపలి సంచీ విప్పి సీసా ముట్టుకునేవాళ్ళు శుభ్రమైన చేయి. ప్రపంచంలో ఈ పని చేసే ప్రతిచోటా ఇదే పద్ధతి. సంస్థలో బోగ్నాకి పైఅధికారి ప్రొఫెసర్ జెనోన్. ఆయన వచ్చే రోజుల్లో ఆయన శుభ్రమైన చేయి, బోగ్నా మురికి చేయి. దీని గురించి చర్చ ఏనాడూ జరగలేదు. ఆయన తలుపులోంచి ముందు నడిచినట్టే ఇదీ.

కాకపోతే జెనోన్ గారు వచ్చేది వేసవిలో. ఒడ్డున జనం ఉంటారు, ఐస్‌క్రీమ్ ఉంటుంది, ఎండ ఉంటుంది. వంతెన మీద నిలబడి, తను కుర్రతనంలో స్వీడన్‌లో పెద్ద సభలో మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్న కథ మొదలుపెడతారు. సీసా మూత తీసి చేత్తో పట్టుకుని కూడా ఆ కథ ఆపరు. చలికాలం వస్తే ఆయనకి మోకాళ్ళ నొప్పి. అప్పుడు బోగ్నా శుభ్రమైన చేయి అవుతుంది, మురికి చేయిగా అత్తగారు వస్తుంది. గెర్త్రూద చేపల కర్మాగారంలో జీవితమంతా గడ్డకట్టిన చేపల్ని చీల్చిన మనిషి. చలి ఆవిడ్ని ఏమీ చేయలేదు. నోరు మాత్రం ఒక్క క్షణం మూతపడదు, కోడలి వంటా, కోడలి బట్టలూ, పక్కింటివాళ్ళ కుక్కా, అన్నీ ఆ వంతెన మీదే విచారణకి వస్తాయి.

ఇలా మూడు చలికాలాలు గడిచాయి. మూడింటిలోనూ ఒకటే కనిపించింది. చలి మొదలై గాలి ఊరి మీదుగా వీచిందంటే సీసాలో పాదరసం పెరుగుతుంది, వసంతం రాగానే తగ్గుతుంది. ఎక్కడో దూరదేశాల పొగ గొట్టాలనుంచి వస్తోందని జెనోన్ గారు చెబుతూ వచ్చారు. కాదు, ఊళ్ళో ఇళ్ళ పొయ్యిలనుంచే, మన బొగ్గునుంచే వస్తోందని బోగ్నా అనుమానం. ఆ అనుమానం వచ్చిన రోజు ఆమె గుండె ఎంత కొట్టుకుందంటే, బస్సులో పక్క సీటు ఆవిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

అలాంటి మూడు చలికాలాల్ని జెనోన్ గారు చెత్తబుట్టలో వేస్తానంటున్నారు. క్రిస్మస్ సెలవుల తర్వాత సంస్థలో పెద్దలందరూ కూర్చునే సమావేశం ఉంది, అక్కడ ఆ మాట చెప్పేస్తారట. కారణం సాక్షి సీసాలు. ప్రతిసారీ స్వచ్ఛమైన నీళ్ళున్న ఒక సీసాని వంతెన దాకా తీసుకెళ్ళి, మూత తీసి, మూసి, వెనక్కి తెస్తారు. అందులో ఏమీ ఉండకూడదు. ఉంటే మన చేతులే మురికి అని సాక్ష్యం. ఏడాది మొత్తం సాక్షి సీసాల సగటు తీస్తే అందులో పాదరసం ఉంది.

"చూడమ్మాయ్," అన్నారు జెనోన్ గారు. నలభై దాటిన బోగ్నా ఆయనకి ఇంకా అమ్మాయే. "నువ్వు పొద్దున్నే పొయ్యి బూడిద ఎత్తి వస్తావు. తోడు ఆ చేపల ముసలావిడ. మీ బట్టలకున్న మసి అంతా ఆ సీసాల్లోకి పోయింది. చలికాలం లెక్కలన్నీ మీ వంటింటి లెక్కలు. నేను అచ్చు వేయలేను. ఇకనించి నువ్వు ఆఫీసులో కూర్చుని కాగితాలు చూసుకో, వంతెనకి వేరే వాళ్ళని పంపుతాను."

బూడిద ఎత్తడం నిజమే కదా. బోగ్నా తన చేతుల్ని వాసన చూసుకుంది. ఎంత కడిగినా, రెండు జతల చేతొడుగులు తొడిగినా, ఇల్లు తనని వదలదేమో, ఎంత చదివినా తన ఒంటినుంచి వంటిల్లే రాలుతుందేమో అనిపించింది. ఆ సాయంత్రం కూరలో ఉప్పు తగ్గిందని వితెక్ అంటే ఉప్పుడబ్బా తెచ్చి అతని ముందు పెట్టి వెళ్ళిపోయింది.

సెలవులకి ముందు జెనోన్ గారి నామదినం, అంటే ఆయన పేరున్న పునీతుడి పండుగ, వచ్చింది. నామదినం ఎవరిదో వాళ్ళే అందరికీ తినిపించడం అక్కడి మర్యాద. ఆయన తినిపించారు కూడా. గసగసాలు నానబెట్టి, రుబ్బి, తేనె కలిపి, పిండిలో చుట్టి కాల్చింది మాత్రం బోగ్నా. నీ చేతి రుచి ఎవరికీ రాదమ్మాయ్ అని ఆయన ముందే అడిగేశారు. మసి చేతులు కేకుకి పనికొచ్చాయి కాబోలు. ఆమె ముక్కలు కోసింది, కాఫీలు పోసింది. ఆయన స్వీడన్ కథ ఎత్తుకున్నారు, చెయ్యి విసిరారు, కప్పు ఎగిరి కాఫీ నేలపాలైంది. గదిలో డజను మంది ఉన్నారు. అందరి కళ్ళూ బోగ్నా వైపే తిరిగాయి. ఆమె గుడ్డ తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుని తుడవసాగింది.

ఆయన కథ చివరికొచ్చింది. తల వెనక్కి విరిచి పగలబడి నవ్వారు. కింద కూర్చున్న బోగ్నా తలెత్తింది. పై దవడ కనిపించింది. ఈ చివరనించి ఆ చివరదాకా బూడిదరంగు. ఒకటా, రెండా, వరసంతా పాత పూడికలే. ఎదురుగా నిలబడితే ఎవరికీ కనిపించవు, నేల తుడిచేవాళ్ళకే కనిపిస్తాయి.

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. వంతెన, తెరిచిన సీసా, దాని మీద వంగి కథ చెబుతున్న నోరు. వెంటనే ఇంకో ఆలోచన అడ్డం వచ్చింది. మాట్లాడటమే తప్పయితే అత్తయ్య ఆయన్ని మించి మాట్లాడుతుంది కదా. ఆ ఆలోచన వెనకే అత్తయ్య మంచం పక్కన గ్లాసు గుర్తొచ్చింది. కట్టుడుపళ్ళు రెండు వరసలూ అందులోనే తేలుతుంటాయి. గెర్త్రూద నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు. బోగ్నాకి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. నేల మీద కూర్చుని, కాఫీ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. నా కథ అమ్మాయికి బాగా నచ్చినట్టుందే అన్నారు జెనోన్ గారు. చాలా బాగుందండీ, అంది బోగ్నా, నిజంగానే.

గుడ్డ అక్కడే వదిలేసి మెట్లు రెండేసి చొప్పున దిగి కింగా గదికి పరుగెత్తింది. కొలిచే యంత్రం నడిపేది కింగా. సాక్షి సీసాల్ని చలికాలానివి వేరుగా, వేసవివి వేరుగా చూపించమంది. ప్రొఫెసర్ గారు ఎప్పుడూ సగటే అడుగుతారక్కా అంటూనే కింగా తెర మీద వాటిని విడదీసింది. చలికాలానివన్నీ కడిగిన అద్దంలా ఉన్నాయి. మురికంతా వేసవిది. మసి బట్టల సీసాల్లో ఏమీ లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కింగా లేచి వెళ్ళి తలుపు వేసింది.

అయినా ఊహ ఊహే. నోరే కారణమని రుజువు కావాలి. కొత్త సంవత్సరం వచ్చాక మంచు పడిన మొదటి ఉదయం బోగ్నా జెనోన్ గారికి ఫోన్ చేసి, సమావేశానికి చలికాలంలో వంతెన మీద మీ ఫోటో ఒకటి ఉంటే బాగుంటుందేమో అంది. మోకాళ్ళు వెంటనే నయమయ్యాయి. బొచ్చు టోపీ పెట్టుకుని దిగారు. ఆ రోజు మూడు సాక్షి సీసాలు తెచ్చింది ఆమె. మొదటిది ఆయన మామూలుగా తెరిచారు. అడగకుండానే స్వీడన్ వచ్చేసింది. రెండోదానికి, చలిగాలి గొంతులోకి పోతుందండీ అంటూ ఆయన మూతికి ముసుగు తనే కట్టింది. అదే మనిషి, అవే చేతులు, నోరొక్కటి మూత. మూడోది తను తెరిచింది. గెర్త్రూద బయటి సంచీ పట్టుకుని, ఈ టోపీ ఆయన ఇంతే మాట్లాడతాడా ఎప్పుడూ అని చెవిలో అడిగింది. నీకన్నా తక్కువే అత్తయ్యా అంది బోగ్నా.

సీసాలు కింగా యంత్రంలోకి వెళ్ళాయి. నీళ్ళలోంచి పాదరసాన్ని ఆవిరి చేసి, బంగారు పూత పూసిన ఇసుక మీదుగా పంపి, ఆ ఇసుకని ఒక్కసారిగా వేడి చేస్తారు. ఉన్నదంతా తెర మీద కొండలా లేస్తుంది. బోగ్నా సీసాకి గీత పడుకునే ఉంది. ముసుగు సీసాకీ పడుకునే ఉంది. స్వీడన్ సీసా వంతు వచ్చింది. గీత కదిలింది, లేచింది, లేస్తూనే పోయింది. కింగా కుర్చీలోంచి ఎగిరి బోగ్నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఇద్దరు చదువుకున్న ఆడవాళ్ళు ఆ ఇరుకుగదిలో చిన్నపిల్లల్లా గెంతారు. ఎన్నాళ్ళయింది తను ఇలా గెంతి, అనుకుంది బోగ్నా. పెళ్ళికా, కాదు. డాక్టరేట్ వచ్చినరోజా, కాదు, ఆ రోజు ఇంట్లో బట్టలు ఉతికే వంతు ఉండింది. ఇదే మొదటిసారి. తన చేతులు శుభ్రం. మూడు చలికాలాలూ శుభ్రం. ఆ మాట పైకే అంది, రెండుసార్లు.

సమావేశంలో జెనోన్ గారు తన మాట మొదలుపెట్టకముందే బోగ్నా లేచింది. మూడు గీతలూ చూపించి, ఏ సీసా ఎవరు ఎలా తెరిచారో, పాత పూడికల మీంచి వచ్చే ఊపిరి ఏం చేస్తుందో చెప్పింది. చెడిపోయినవి వేసవి లెక్కలు, నిలబడేవి చలికాలం లెక్కలు అంది. గదిలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. అధ్యక్షత వహిస్తున్న పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, మీరేమంటారు ప్రొఫెసర్ అని అడిగింది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సమావేశం అయ్యేదాకా ఆ చెయ్యి తీయలేదు. చలికాలాలు నిలిచాయి. వంతెన పని బోగ్నాదే అని కూడా తేలింది. చివర్లో జెనోన్ గారు వేళ్ళ సందులోంచి, వ్యాసంలో సహాయకుల పేర్లు అక్కర్లేదేమో అన్నారు.

"గెర్త్రూద పేరు ఉంటుంది," అంది బోగ్నా. "ప్రతి మంచులోనూ ఆవిడే వచ్చింది."

ఇంటికి వస్తూ బస్సులో ఆమె ఆనందం మెల్లగా బరువెక్కింది. గెలిచింది. గెలిస్తే, ఆ పాదరసం ఊరి పొయ్యిలదే. అంటే తమదీ. చలి మొదలైన ప్రతిరోజూ ఇంటి కప్పు మీంచి లేచి, మంచుతో కలిసి అఖాతంలో దిగి, చేపల్లో చేరి, మళ్ళీ తమ పళ్ళెంలోకి వస్తున్నది తమ బొగ్గే. అది అత్తయ్యకి చెప్పాలి. దాచడానికి లేదు, ఆవిడ పేరు దాని మీద ఉంటుంది.

చెప్పేసింది. వంటింట్లో, కోటు కూడా విప్పకుండా. నీ పేరు అచ్చులో వస్తుంది అత్తయ్యా, కానీ మనం కనిపెట్టింది ఇదీ, అని. గెర్త్రూద పొయ్యి తలుపు సందులోంచి ఎర్రగా కనిపిస్తున్న నిప్పుల్ని చూస్తూ ఉండిపోయింది. ఈ పొయ్యి రాజేసి ఆవిడ పిల్లల్ని పెంచింది, మొగుడి శవం లేచిన రోజున కూడా రాజేసింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుందేమో అని బోగ్నా భయపడింది.

వితెక్ వార్తాపత్రిక దించి నవ్వాడు. "భేష్. మా అమ్మ పొయ్యి మీదే కేసు పెట్టి వచ్చావన్నమాట. అత్తాకోడళ్ళు ఇద్దరూ—"

"నువ్వు నోరు ముయ్యరా," అంది గెర్త్రూద, నిప్పుల మీంచి చూపు తిప్పకుండానే. "నీ నోట్లోనూ ఆ బూడిదరంగు పూడికలు నాలుగున్నాయి. నేనే పెట్టించాను."

అతను మళ్ళీ పత్రిక ఎత్తుకున్నాడు. గెర్త్రూద, అయితే ఏం చేయాలట అని కోడల్ని అడిగింది. పొయ్యి మార్చాలి, ఊరందరికీ చెప్పాలి, ఏళ్ళు పడుతుంది, అంది బోగ్నా. చెబుదాంలే, చెప్పడం నాకు కష్టమా అంది గెర్త్రూద. మార్చేదాకా బూడిద ఎవరెత్తుతారు అని కొడుకు వైపు చూసింది. తట్టా చీపురూ అతని కుర్చీ పక్కకి కాలితో తోసింది.

కిటికీ బయట మంచు మొదలైంది. బోగ్నా ఉంగరం తీసి సాసరులో పెట్టింది. అలవాటుగా అత్తగారి చెయ్యి నుదుటికి వెళుతుందని చూసింది. వెళ్ళలేదు. గెర్త్రూద కుళాయి దగ్గర నిలబడి, వాచిన వేలికి సబ్బు రాసుకుంటోంది. ఇంతకాలం బయటి సంచీ పట్టిన చేయి, ఏ మంచులోనూ ఉంగరం విప్పని చేయి. తిప్పింది, లాగింది, పళ్ళు బిగించింది. ఉంగరం ఊడి వచ్చింది. దాన్ని సాసరులో కోడలి ఉంగరం పక్కన పెట్టి, తడి వేళ్ళు కోటుకి తుడుచుకుంది.

"ఇవాళ లోపలి సీసా నేను పట్టుకుంటానే," అంది. "ఎలా పట్టుకోవాలో చెప్పు."